పాత సినిమా పోస్టరు నలిగి ఉండాలా, కొత్తగా ఉండాలా? స్థితిని అంచనా కట్టే పద్ధతి

పాత సినిమా పోస్టర్లు సేకరించేవారికి నలిగినవి నచ్చుతాయా, మచ్చ లేనివి నచ్చుతాయా అన్న ప్రశ్న నాకు తరచుగా వస్తూనే ఉంటుంది. కొనబోయేవారు అడుగుతారు, అమ్మబోయేవారు అడుగుతారు, పాత పెట్టెలో దొరికిన కట్టను ఏం చేయాలో తోచనివారు మరీ ఎక్కువగా అడుగుతారు. ప్రతిసారీ విడివిడిగా జవాబు రాసే బదులు, పోస్టరును చేతిలోకి తీసుకున్నప్పటినుంచి దాని స్థితికి ఒక అంకె వేసేదాకా నేను పాటించే క్రమాన్ని ఇక్కడ పెడుతున్నాను. కలెక్టర్ అన్న మాట మనకు వేరే అర్థంలో స్థిరపడిపోయింది కాబట్టి ఈ వ్యాసమంతా సేకర్త అనే అంటాను.

ముందుగా సూటి జవాబు. ఒకే పోస్టరు తాలూకు రెండు అసలు ప్రతులు పక్కపక్కన పెడితే దాదాపు ప్రతి సేకర్తా శుభ్రంగా ఉన్నదాన్నే తీసుకుంటాడు. చిరుగు మీద మోజుపడి ఎవరూ డబ్బు పెట్టరు. అయితే పాత పోస్టర్లలో అలా రెండు ప్రతులు పక్కపక్కన దొరకడమే అరుదు. చాలాసార్లు ఎంపిక నలిగిన ప్రతికీ మంచి ప్రతికీ మధ్య కాదు, నలిగిన ప్రతికీ అసలు ఏ ప్రతీ లేకపోవడానికీ మధ్య. పైగా ఎవరో గుట్టుగా మెరుగులు దిద్దిన పోస్టరు కంటే ఎవరూ చేయి పెట్టని నలిగిన పోస్టరునే అనుభవమున్నవారు గౌరవిస్తారు. కాబట్టి ఎంత నలిగింది అని కాకుండా, ఏ రకంగా నలిగింది, ఎక్కడ నలిగింది, ఆ సంగతిని ఎవరైనా దాచిపెట్టారా అని చూడాలి.

కావలసినవి

పోస్టరు కంటే అన్ని వైపులా పెద్దదైన శుభ్రమైన బల్ల, దాని మీద పరచడానికి తెల్లని మందపాటి కాగితం, పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, సన్నని వెలుగునిచ్చే టార్చి, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, సాగని కొలత టేపు, మెత్తని పెన్సిలు, ఒక నోటు పుస్తకం, ఫోన్ కెమెరా ఉంటే చాలు. నూలు చేతి తొడుగులు వద్దు. వాటితో కాగితం స్పర్శ తెలియదు, చిరుగుల అంచులు దారాలకు తగులుకుంటాయి. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకున్న చేతులే మేలు. చేతులు చెమర్చేవారు నైట్రైల్ తొడుగులు వాడవచ్చు. బల్ల దగ్గర పెన్ను, నీళ్ల గ్లాసు, టీ కప్పు ఉండకూడదు.

1. తొందరపడకుండా విప్పండి

బయటినుంచి తెచ్చిన పోస్టరును వెంటనే విప్పకుండా గదిలో కొన్ని గంటలు అలాగే ఉంచండి. తర్వాత ఒక్కొక్క మడతే, రెండు చేతులతో కింద ఆసరా ఇస్తూ తెరవండి. మడత దగ్గర చిన్న చప్పుడు వినిపించినా, కాగితం తెరుచుకోకుండా మొరాయించినా అక్కడితో ఆగిపోండి. దశాబ్దాల పాటు మడిచి ఉంచిన చవక రకం కాగితంలో ఆమ్లం పెరిగి నారలు పెళుసెక్కుతాయి. ఒక్కసారి ఎదురుగా వంచితే నిలువునా విరుగుతుంది. విరిగే స్థితిలో ఉన్న పోస్టరును మీ బల్ల మీద పరీక్షించే పని పెట్టుకోకండి, కాగితాల సంరక్షణ తెలిసినవారి దగ్గరికి ఆ మడతలతోనే తీసుకువెళ్లండి.

ఒకదానికొకటి అంటుకుపోయిన పోస్టర్ల కట్టకూ ఇదే వర్తిస్తుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెర్విక్ ఊళ్లో ఒక అటక మీద గోడకాగితం జిగురుతో కలిసి ముద్దలా మారిన 33 పోస్టర్లు బయటపడ్డాయి. అవి 1930ల నాటివి. వాటిని జాగ్రత్తగా విడదీయించాకే 2012లో వేలానికి పెట్టారు. దొరికినవారు ఆత్రంలో చేత్తో లాగి ఉంటే చేతికి పేలికలు మిగిలేవి.

2. అసలుదో కాదో ముందు తేల్చండి

నకలు పోస్టరు ఎంత తళతళలాడినా దానికి స్థితిని లెక్కగట్టడం వృథా. ఇక్కడ నాలుగు పరీక్షలు చేయండి. ఏ ఒక్కటీ తుది తీర్పు కాదు, నాలుగూ ఒకే మాట చెప్పాలి.

మొదటిది కొలత. అమెరికాలో థియేటర్లకు మామూలుగా వేసే పోస్టరు కొలతను వన్ షీట్ అంటారు. అది 1980ల మధ్యకాలం వరకు సాధారణంగా 27×41 అంగుళాలు ఉండేది, ఆ తర్వాత 27×40కి తగ్గింది. మిగతా అమెరికన్ రకాల్లో హాఫ్ షీట్ 22×28, ఇన్సర్ట్ 14×36, విండో కార్డు 14×22, లాబీ కార్డు 11×14 అంగుళాలు. క్వాడ్ అనే బ్రిటిష్ పోస్టరు అడ్డంగా 40, నిలువుగా 30 అంగుళాలు. బీ2 అనే జపాన్ పోస్టరు సుమారు 20×29 అంగుళాలు. పావు అంగుళం, అర అంగుళం తేడా ముద్రణాలయంలోనే రావచ్చు. రెండు అంగుళాలు తగ్గితే మాత్రం అది నకలైనా కావాలి, అంచులు కత్తిరించినదైనా కావాలి.

రెండోది భూతద్దం. ఆఫ్‌సెట్‌లో అచ్చయిన అసలు పోస్టరులో బొమ్మ చిన్న చిన్న చుక్కల వరుసలతో ఏర్పడుతుంది, అడుగున ఉండే నల్లని సన్న అక్షరాలు మాత్రం గట్టి సిరాతో, తీరైన అంచుతో ఉంటాయి. అసలు పోస్టరును ఫోటో తీసి మళ్లీ అచ్చు వేసినప్పుడు ఆ సన్న అక్షరాలు కూడా చుక్కలుగా పగిలిపోతాయి. ఇంకా పాతవైన, రాతి పలక మీద గీసి అచ్చు వేసిన లితో పోస్టర్లలో ఈ వరుస చుక్కలు ఉండవు. మైనపు క్రేయాను గరుకు కాగితం మీద రుద్దినట్టు క్రమంలేని గింజలు కనిపిస్తాయి. అలాంటి పోస్టరుగా చెలామణి అవుతున్నదానిలో క్రమమైన చుక్కలు కనిపిస్తే అనుమానించండి.

మూడోది అతినీలలోహిత కాంతి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాల వాడకం 1950ల నుంచి వ్యాపించింది. 1930ల నాటిదని చెప్పే పోస్టరు కాగితం చీకటిగదిలో ఈ టార్చి కింద నీలితెలుపుగా భగ్గున వెలిగితే అది ఆనాటి కాగితం కాకపోవచ్చు. వెనుక అతికించిన గుడ్డ, జిగురు, సబ్బు కలిసిన నీళ్లు తగిలిన చోట్లు కూడా ఇలా వెలగగలవు కాబట్టి కాగితమంతా వెలుగుతోందా, ముక్కలుగానా అని చూడండి. టార్చి వెలుగులోకి నేరుగా చూడవద్దు, పోస్టరు మీద కొన్ని క్షణాలకు మించి ఉంచవద్దు.

నాలుగోది మడత. అమెరికన్ వన్ షీట్ పోస్టర్లను 1980ల తొలినాళ్ల వరకు ఎక్కువగా మడిచే థియేటర్లకు పంపేవారు: అడ్డంగా మూడు మడతలు, నిలువుగా ఒకటి, మొత్తం ఎనిమిది గళ్లు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు మడతలను లోపమనుకుని ముఖం చిట్లిస్తారు. నిజానికి 1950ల వన్ షీట్‌కు మడత లేకపోతేనే ఎందుకు లేదని అడగాలి. మందపు కాగితం మీద అచ్చైన ఇన్సర్టులు, హాఫ్ షీట్లు మాత్రం మడతలు లేకుండానూ దొరుకుతాయి.

ఒకసారి నా ముందుకు వచ్చిన పోస్టరు మీద ఎనిమిది గళ్లూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపించాయి, మడత కలిసే చోట తెల్లగా సిరా రాలిన జాడ కూడా ఉంది. టార్చిని పోస్టరుకు పక్కగా పడుకోబెట్టి వెలిగిస్తే ఏ గీతకూ నీడ పడలేదు. వేలిని ఆ గీత మీదుగా జరిపితే అద్దం మీద జరిపినట్టు సాఫీగా వెళ్లిపోయింది. మడతలున్న అసలు పోస్టరును ఫోటో తీసి, మడతల బొమ్మతో సహా అచ్చు వేశారన్నమాట. ఆ రోజునుంచి మడతను కంటితో చూసి నమ్మడం మానేశాను.

అమెరికన్ పోస్టర్లలో 1940 నుంచి 1980ల వరకు పంపిణీ చూసిన నేషనల్ స్క్రీన్ సర్వీస్ సంస్థ కింది అంచున ఒక సంఖ్య వేసేది. అందులో గీతకు ముందున్న రెండు అంకెలు సంవత్సరం, తర్వాతివి ఆ సినిమా వరుస సంఖ్య. ఆ సంవత్సరానికి ముందు ఆర్ అన్న ఇంగ్లీషు అక్షరం ఉంటే అది మళ్లీ విడుదలైనప్పటి పోస్టరు. తొలి విడుదల పోస్టరనుకుని మలి విడుదలదాన్ని తీసుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఇది నకలు కాదు, అయినా దీని స్థానం వేరు.

3. పక్కవాటు వెలుగులో ముందువైపు చదవండి

గదిలో దీపాలు తగ్గించి, టార్చిని బల్ల ఎత్తులోనే పక్కనుంచి వేసి, నాలుగు వైపులకూ మార్చి చూడండి. ఎదురు వెలుగులో మాయమయ్యే నలుగుళ్లు, వంపులు, పిన్నుల రంధ్రాలు, కింద అతికించిన మాసికల అంచులు ఈ వెలుగులో లేచి కనబడతాయి. అమ్మేవారి ఫోటోల్లో పోస్టరు కడిగినట్టు కనిపించడానికి ఎదురు వెలుగే కారణం. దూరం నుంచి కొంటున్నట్లయితే పక్కవాటు వెలుగులో ఒక ఫోటో, వెనుకవైపు ఒక ఫోటో తప్పక అడగండి. ఈ రెండూ పంపడానికి సాకులు చెప్పేవారితో బేరం వద్దని నా అభిప్రాయం.

రంగు వెలిసిందా లేదా అన్నది ఒక్క పోస్టరును చూసి చెప్పడం కష్టం, ఎందుకంటే కన్ను క్షణాల్లో సర్దుకుపోతుంది. ఎండకు గురైన ఆఫ్‌సెట్ పోస్టర్లలో పసుపు, గులాబీ ఎరుపు ముందుగా పలచబడి నీలం మిగులుతుంది. ముఖాలు జబ్బుపడినట్టు నీలిగా పాలిపోతాయి. ఫ్రేము చట్రం కింద ఇన్నాళ్లూ దాగిన అంచు ఉంటే అక్కడి రంగునూ మధ్యలోని రంగునూ పోల్చండి. ఒక తెల్ల కాగితంలో రెండు చిన్న రంధ్రాలు చేసి, ఒకదాన్ని అంచు మీద, మరొకదాన్ని మధ్యలో అదే రంగు మీద ఉంచితే తేడా దాగదు.

4. వెనుకవైపు తిప్పండి

ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. ముందువైపు అందరూ సింగారించగలరు, వెనుకవైపును ఎవరూ పట్టించుకోరు. టేపు అంటించి తీసిన చోట తేనెరంగు చారలు, చెమ్మ దిగిన చోట గోధుమరంగు అంచుతో వలయం, ముందు వేసిన కొత్త రంగు కాగితంలోంచి ఇంకి వెనుక కనిపించే మరక, ఎవరో సినిమా పేరు పెన్సిలుతో రాసుకున్న గుర్తు, అన్నీ ఇక్కడే ఉంటాయి. చేతిరాత, థియేటరు ముద్ర, తేదీలు అచ్చు వేసి అతికించిన కాగితపు పట్టీ వంటివి పోస్టరు వాడుక చరిత్రకు సాక్ష్యాలు. అవి బొమ్మను పాడుచేయనంతవరకు చాలామంది సేకర్తలు ఇష్టంగానే ఉంచుకుంటారు. నలిగినవాటి మీద ప్రేమ అని బయటివారు అనుకునేది చాలావరకు ఇదే.

టేపు కథ వేరు. పారదర్శక టేపులోని జిగురు సంవత్సరాలు గడిచేకొద్దీ కాగితం నారల్లోకి దిగి, దాన్ని నూనె కాగితంలా మార్చి, చివరకు ముందువైపు కూడా మచ్చగా తేలుతుంది. ఊడిపోతున్న టేపును చూడగానే లాగాలనిపిస్తుంది. లాగకండి, సిరాతో సహా వస్తుంది.

1980ల చివరినుంచి వచ్చిన పోస్టర్లలో వెనుకవైపు కూడా అదే బొమ్మ తిరగేసినట్టు, లేతగా అచ్చయి ఉండవచ్చు. వెలుగు పెట్టెలో పెట్టినప్పుడు రంగులు గాఢంగా కనిపించడానికి అలా ముద్రించేవారు. అది లోపం కాదు.

5. కనిపించిన ప్రతి దెబ్బను మూడు వరుసల్లో రాయండి

నోటు పుస్తకంలో పోస్టరు బొమ్మను చిన్న దీర్ఘచతురస్రంగా గీసుకుని, దెబ్బలున్న చోట్లను గుర్తించండి. తర్వాత వాటిని ఇలా విడగొట్టండి.

మొదటి వరుసలో సేకర్తలు చూసీ చూడనట్టు వదిలేసేవి: ముద్రణాలయం మడతలు, మూలల్లో పిన్నుల రంధ్రాలు, అంచున అంగుళంలోపు చిరుగు, తెల్లని అంచు కొద్దిగా పసుపెక్కడం, వెనుక పెన్సిలు రాత. థియేటరులో నిజంగా అంటించిన పోస్టరుకు ఇవి ఉండడమే సహజం.

రెండో వరుసలో విలువ తగ్గించేవి, అయినా భరించగలిగేవి. నిలువు మడతా అడ్డ మడతా కలిసే చోట కాగితం తెగి చిన్న రంధ్రం పడడం, మడత పొడవునా సిరా రాలి తెల్లని గీత తేలడం, అంచున చిన్న ముక్క ఊడడం, బొమ్మ దాకా రాని టేపు మరక, అంచులో ఆగిన నీటి చార ఈ వరుసలోకి వస్తాయి. విండో కార్డు పైభాగంలో థియేటరు పేరు వేసుకోవడానికి ఖాళీ వదిలేవారు, ఆ భాగాన్ని కత్తిరించినవి చాలా ఉన్నాయి; బొమ్మ అంతా మిగిలింది కాబట్టి దాన్ని కూడా ఈ వరుసలోనే వేస్తాను. దీనితో ఏకీభవించనివారు ఉన్నారు.

మూడో వరుస ప్రాణాంతకమైనవి. ముఖం మీద గాని పేరు మీద గాని కాగితమే లేకపోవడం, అంచులు కత్తిరించడం, రంగు వెలవడం, బూజు, పెళుసుదనం, ప్లాస్టిక్ పొర వేయించడం, వేడితో గట్టి అట్టకు అతికించడం. చివరి రెండూ చాలామందికి వింతగా తోస్తాయి, ఎందుకంటే అలా చేసిన పోస్టరు చూడటానికి కొత్తదానిలా నున్నగా ఉంటుంది. కానీ ఆ జిగురు వెనక్కి తీయడం చాలా కష్టం, కాగితం శాశ్వతంగా దానికి బందీ అయిపోతుంది. నాలుగు చిరుగులున్న పోస్టరును తీసుకుని, అద్దంలా మెరిసే లామినేషన్ పోస్టరును పక్కన పెట్టే సేకర్తను చూసి ఆశ్చర్యపోకండి.

మరో పరీక్ష ఉంది. పోస్టరును నిలబెట్టి ఆరడుగుల దూరం నుంచి చూడండి. మీ కన్ను మొదట బొమ్మ మీదికి వెళ్తే దెబ్బలు ఇంకా అదుపులో ఉన్నట్టు. మొదట మరక మీదికి వెళ్తే, కొలతలో అది అర అంగుళమే అయినా, దాన్ని ఒక వరుస కిందికి దింపండి.

6. మరమ్మతు జరిగిందేమో వెతకండి

మరీ బాగున్న పోస్టరుకు ఈ మెట్టు తప్పనిసరి. లినెన్ బ్యాకింగ్ అంటే పోస్టరు వెనుక ముందు పలుచని జపాన్ కాగితం, దాని వెనుక నూలు కాన్వాసు, నీటిలో కరిగే పిండి జిగురుతో అతికించి, మడతలు సాఫు చేసి, రాలిన చోట్ల రంగు దిద్దే పద్ధతి. నీటితో మళ్లీ ఊడదీయగలిగేలా చేస్తారు కాబట్టి దీన్ని సేకర్తలు అంగీకరిస్తారు. 1930ల నాటి పెళుసు పోస్టరు గుడ్డ మీద ఉండటం రక్షణగానే భావిస్తారు. 1970ల తర్వాతి గట్టి కాగితం పోస్టరు గుడ్డ మీద కనిపిస్తే మాత్రం, దీనికి ఆ అవసరం ఎందుకు వచ్చింది, లోపల ఏముంది అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది.

అతినీలలోహిత కాంతిలో చూసినప్పుడు తర్వాత దిద్దిన రంగు చుట్టుపక్కల సిరాకు భిన్నంగా, నల్లని మచ్చగానో వేరే మెరుపుతోనో కనిపిస్తుంది. భూతద్దం కింద చుక్కల వరుస ఒక్కసారిగా ఆగిపోయి అక్కడ కుంచె గీతలు మొదలైతే అది చేత్తో వేసిన రంగు. పక్కవాటు వెలుగులో మెరుపు తేడా కూడా దాన్ని పట్టిస్తుంది. ఒక మడత మీద రాలిన సిరాను దిద్దడం సాధారణం. సగం ముఖాన్నే మళ్లీ గీసి ఉంటే, మీరు కొంటున్నది పోస్టరులో సగం, మిగతా సగం ఎవరో చిత్రకారుడి పని. రెండింటినీ మరమ్మతు అనే ఒకే మాటతో చెప్పే అమ్మకందారును విడమరచి అడగండి: ఎక్కడెక్కడ, ఎంత మేర, కాగితం ఊడిన చోటా లేక సిరా రాలిన చోటా?

7. వయసునూ అరుదుదనాన్నీ తూకంలో వేయండి

పాత కాలపు పోస్టర్లు అమ్మడానికి అచ్చు వేసినవి కావు. థియేటరు అద్దెకు తెచ్చుకుని, వాడి, తిరిగి పంపేది. అది మరో థియేటరుకు వెళ్లేది. నలిగిపోయాక చెత్తలోకి పోయేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పాత కాగితాన్ని పోగుచేసి కరిగించినప్పుడు మరికొన్ని పోయాయి. అందుకే 1940కి ముందరి పోస్టర్లలో మచ్చలేని ప్రతి కోసం పట్టుబట్టేవారు సాధారణంగా ఖాళీ గోడతో మిగులుతారు. మెట్రోపోలిస్ అనే 1927 నాటి జర్మన్ సినిమాకు హైంజ్ షుల్ట్స్ నాయ్‌డామ్ గీసిన పెద్ద పోస్టరు ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. అలాంటిదాని ముందు నిలబడి మూలన పిన్ను రంధ్రం ఉందని బేరమాడేవారు ఉండరు.

ఇటు చివరకు రండి. 1990ల తర్వాతి పోస్టర్లు ఎక్కువగా మడవకుండా చుట్టి వచ్చాయి, సేకరణ కోసమే దాచుకున్నవారు వేలమంది ఉన్నారు. వీటిలో ఒక్క చేతి నలుగుడు ఉన్నా సేకర్త మరో ప్రతి కోసం ఆగుతాడు, ఎందుకంటే ఆగితే దొరుకుతుంది. మధ్యకాలంలో, అంటే 1950 నుంచి 1980 దాకా, మడతలు సరే, రంగులు గట్టిగా ఉండాలి, మడతలు కలిసే చోట రంధ్రాలు లేకుంటే మంచిది.

కాబట్టి నోటు పుస్తకంలో ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: ఇదే పోస్టరు వేరే ప్రతి రాబోయే రెండేళ్లలో కనిపించే అవకాశం ఉందా? దెబ్బ ముఖాన్ని గాని పేరును గాని తాకిందా? ఆ దెబ్బను వెనక్కి తీయగలమా? మొదటిదానికి లేదు, రెండోదానికి లేదు, మూడోదానికి అవును అన్న జవాబులు వస్తే నలిగినదైనా తీసుకోండి. మొదటిదానికి అవును అని వస్తే మిగతా రెండింటితో పని లేకుండా ఓపిక పట్టండి.

8. అంకె వేయండి

సేకర్తలు వాడే కొలమానం 1 నుంచి 10 వరకు, ముందు సి అక్షరంతో సాగుతుంది. సి10 అంటే వాడనిది, లోపమే కనిపించనిది. పాత పోస్టర్లకు ఈ అంకె వేసేవారిని నేను నమ్మను. సి9, సి8 పోస్టర్లలో చేతి జాడలు వెతికితేనే దొరుకుతాయి. సి7, సి6 అంటే వాడిన జాడలు తెలుస్తాయి కానీ బొమ్మ చెక్కుచెదరదు. సి5, సి4లో రెండో వరుస దెబ్బలు చాలా ఉంటాయి. సి3, ఆ దిగువన ఉన్నవాటిని అరుదైనవైతే తప్ప ఎవరూ ముట్టుకోరు. మింట్, ఫైన్, గుడ్ వంటి మాటలు కూడా వాడుకలో ఉన్నాయి గాని, ఒక్కో అమ్మకందారు ఒక్కో కొలతతో వాడతాడు. ఈ రంగంలో గుడ్ అంటే బాగుందని కాదు, బాగా దెబ్బతిన్నదని గుర్తుంచుకోండి.

వయసును చూసి అంకె పెంచకండి. తొంభై ఏళ్లదైనా బాగుంది కదా అని సి5 పోస్టరుకు సి7 వేయడం కొత్తవారు చేసే తప్పుల్లో మొదటిది. వయసును ఏడో మెట్టులో ఇప్పటికే తూచాం, అంకె కాగితానిది మాత్రమే. అంకె పక్కన దెబ్బల జాబితా లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

9. బాగుచేయాలా, వదిలేయాలా తేల్చండి

ఇక్కడే ఎక్కువ పోస్టర్లు చచ్చిపోతాయి. నేనూ ఒకదాన్ని చంపబోయాను. నా తొలి రోజుల్లో ముదురు నీలి సిరా పరచిన ఒక పోస్టరు ముందువైపు ఎవరో పెన్సిలుతో రాసిన అంకెను రబ్బరుతో చెరిపాను. అంకె పోయింది. దాని వెంట సిరా మీది మెరుపు కూడా పోయి, బొటనవేలి గోరంత మేర బూడిద రంగు మచ్చ మిగిలింది. ఇప్పటికీ ఆ పోస్టరును చూసినవారు ముందుగా వేలు పెట్టి చూపేది ఆ మచ్చనే. పెన్సిలు అంకె ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ గమనించలేదు.

ఇంట్లో మీరు చేయదగిన పనులు మూడే. మెత్తని పొడి కుంచెతో పైపైన దుమ్ము దులపడం, పారదర్శకమైన పాలిస్టరు ప్లాస్టిక్ సంచిలో సమతలంగా పెట్టడం, ఎండా చెమ్మా తగలని చోట దాచడం. పీవీసీ సంచులు వద్దు, అవి కాలక్రమంలో జిగటగా మారి సిరాను పట్టుకుంటాయి. మిగిలినదంతా సంరక్షకుల పని. మొదటి వరుస దెబ్బలు మాత్రమే ఉంటే వారి దగ్గరికి కూడా వెళ్లనక్కరలేదు, అలాగే వదిలేయండి. మడతలు తెగుతుంటే, పెళుసెక్కితే, బూజు కనిపిస్తే తీసుకువెళ్లండి. బూజు పట్టినదాన్ని విడిగా సంచిలో కట్టి, మిగతా పోస్టర్లకు దూరంగా ఉంచండి.

తరచుగా జరిగే పొరపాట్లు

మడతలు పోవాలని ఇస్త్రీ పెట్టె వాడటం, తడిగుడ్డతో తుడవటం, చిరిగిన అంచును కత్తెరతో సమం చేయటం, వెనుక టేపు వేయటం. ఈ నాలుగింటిలో ప్రతిదీ మొదటి వరుస దెబ్బను మూడో వరుసలోకి నెట్టేస్తుంది. ముఖ్యంగా అంచు కత్తిరించడాన్ని ఏ సంరక్షకుడూ వెనక్కి తేలేడు.

ఫ్రేములో పోస్టరు అద్దానికి నేరుగా తగలకూడదు. చెమ్మ చేరితే సిరా అద్దానికే అంటుకుంటుంది. మధ్యలో మౌంటు పట్టీతో ఖాళీ వదిలించండి. అద్దానికి బదులు అతినీలలోహిత కాంతిని ఆపే యాక్రిలిక్ పలక వేయిస్తే మేలు, అయితే అది రంగు వెలవడాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు, కాబట్టి కిటికీ ఎదురుగా వేలాడదీయవద్దు.

మడిచిన పోస్టరును సన్నని గొట్టంలో బిగించి చుట్టితే మడతలు కలిసే చోట తెగుతాయి. చుట్టే పంపవలసి వస్తే కనీసం మూడు అంగుళాల వ్యాసమున్న గొట్టం వాడండి.

మీ అంచనా సరైనదేనా?

అంకె వేసిన కాగితాన్ని మూసిపెట్టి వారం తర్వాత అదే పోస్టరును కొత్తగా పరీక్షించి మళ్లీ అంకె వేయండి. రెండు అంకెలకూ ఒకటికి మించి తేడా వస్తే మొదటిసారి మీరు పోస్టరును కాదు, సినిమా మీద మీకున్న అభిమానాన్ని కొలిచారు. ఇష్టమైన సినిమా పోస్టరుకు ఎప్పుడూ అర అంకె ఎక్కువ పడుతుందని నా పాత పుస్తకాలు తిరగేసినప్పుడు నాకూ అర్థమైంది.

తర్వాత దెబ్బల జాబితాను మాత్రమే, ఫోటోలు లేకుండా, ఈ విషయం తెలిసిన మరొకరికి చదివి వినిపించి అంకె అడగండి. వారు చెప్పిన అంకె మీదానికంటే తక్కువైతే మీరు దెబ్బలను చూసి కూడా లెక్కలో వేయలేదు. ఎక్కువైతే జాబితాలో ఏదో రాయడం మరిచారు; పోస్టరును మళ్లీ తిప్పి వెనుకవైపు చూడండి. చివరగా ముందువైపు, వెనుకవైపు, పక్కవాటు వెలుగు, నాలుగు మూలలు దగ్గరగా, ఇలా ఏడు ఫోటోలు తీసి, తేదీ వేసి, జాబితాతో కలిపి భద్రపరచండి. ఏడాదికోసారి అదే వెలుగులో అవే ఏడు ఫోటోలు తీసి పాతవాటితో పోల్చితే, మీరు దాచిన చోట పోస్టరు నిలకడగా ఉందో, మెల్లగా వెలుస్తోందో తెలిసిపోతుంది.